సారు మానేశారు, పేరూ పట్టుకెళ్లారు: కోచింగ్ సెంటర్ నిలబడేదెలా?

ప్రశ్న: మాది తిరుపతి. ఎస్వీ యూనివర్సిటీకి దగ్గర్లో నాలుగేళ్లుగా కోచింగ్ సెంటర్ నడుపుతున్నాను. గ్రూప్-2, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షలకు చెబుతాం. ఏడాదికి 160 మంది దాకా చేరతారు. ఆరు నెలల కోర్సుకు ఫీజు 18 వేలు. మొదట్లో నా స్నేహితురాలు 6 లక్షలు పెట్టింది. లాభంలో వాటా అనుకున్నాం గానీ రాసుకోలేదు. మా అర్థమెటిక్ సారు మూడేళ్లు పనిచేస్తానని వంద రూపాయల స్టాంపు పేపరు మీద బాండ్ రాసిచ్చి, ఏడాదిన్నరకే మానేశారు. మధ్యలో మానేస్తే 5 లక్షలు కట్టాలని, మానేశాక రెండేళ్లు తిరుపతిలో ఎక్కడా చెప్పకూడదని అందులో ఉంది. ఇప్పుడాయన రెండు వీధుల అవతల మా సెంటర్ పేరుకే ‘న్యూ’ తగిలించి బోర్డు పెట్టారు. మా మెటీరియల్‌నే జిరాక్స్ తీసి పంచుతున్నారు. ఆయన ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు నా దగ్గరే ఉన్నాయి. సారు లేరని 40 మంది పిల్లలు ఫీజు వాపసు అడుగుతున్నారు. స్నేహితురాలు సగం వాటా ఇమ్మంటోంది. మావారు ప్రభుత్వ స్కూల్లో టీచరు, ఆదివారాలు మా దగ్గర జాగ్రఫీ చెబుతారు. మా బిల్డింగ్ సెల్లారు కూడా అద్దెకు తీసుకుని రీడింగ్ రూమ్ పెట్టాలనుకుంటున్నాం. సారు మీద కేసు వేస్తే గెలుస్తామా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, కేసు మాట తర్వాత చూద్దాం. ముందు ఆ సర్టిఫికెట్లు ఈ వారంలోనే ఆయనకు ఇచ్చేయండి. బాండ్ సంగతి తేలేదాకా ఇవ్వననే హక్కు ఏ యజమానికీ లేదు. ఆయన పోలీస్ స్టేషన్‌కు వెళ్లినా, కోర్టుకు వెళ్లినా మొదటి ప్రశ్న మీకే ఎదురవుతుంది. మీ వైపు ఉన్న న్యాయమంతా దాని కింద పడి నలిగిపోతుంది. పదో తరగతి మెమో, డిగ్రీ, బీఈడీ... ఏది ఇస్తున్నారో నంబర్లతో సహా ఒక కాగితం మీద రాసి, ‘ముట్టినవి’ అని ఆయన చేత సంతకం పెట్టించుకోండి. ఆ ఖాళీ చెక్కు మీద మీరే 5 లక్షలు రాసి బ్యాంకులో వేయాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. చట్టప్రకారం రావలసిన బాకీ ఉంటేనే చెక్‌బౌన్స్ కేసు నిలబడుతుంది. ఆయన మీకు ఎంత బాకీ ఉన్నారో, అసలు ఉన్నారో లేదో ఇంకా ఎవరూ తేల్చలేదు. చెక్కు కూడా ఆ సర్టిఫికెట్లతో పాటే ఇచ్చేయడం మేలు.

ఇక బాండ్. అందులో రెండు షరతులున్నాయి, రెండింటి గతి వేరు. మానేశాక రెండేళ్లు తిరుపతిలో చెప్పకూడదన్న షరతు చెల్లదు. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుపడే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం వేరేచోట చెప్పకూడదని కట్టడి చేయవచ్చు. గడప దాటాక చేయలేరు. స్టాంపు పేపరు విలువ పెంచినా, నోటరీ చేయించినా ఇది మారదు. మీకిది కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ పాఠం చెప్పి బతికే మనిషిని పాఠం చెప్పొద్దనడం సరికాదనే నా అభిప్రాయం కూడా.

మూడేళ్లు పనిచేయాలి, లేకపోతే డబ్బు కట్టాలి అన్న షరతుకు మాత్రం కొంత ప్రాణం ఉంది. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి బాండ్‌ను సమర్థించింది. మూడేళ్లు నిండకముందే రాజీనామా చేసిన ఆఫీసరు 2 లక్షలు కట్టాలన్న షరతు న్యాయమైనదేనని చెప్పింది. అయితే అక్కడ బ్యాంకు దేశమంతా ప్రకటనలిచ్చి, పరీక్షలు పెట్టి మనిషిని ఎంపిక చేసుకోవాలి. ఆ ఖర్చు కోర్టుకు కనిపించింది. మీరు ఈ సారు మీద ఏం ఖర్చు పెట్టారు? ఆయన పని నేర్చుకునే వచ్చారు, జీతానికి పాఠం చెప్పారు. బాండ్‌లో ఎంత రాసుకున్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు ఇప్పించేది ఆ మొత్తానికి మించకుండా సబబైన పరిహారం మాత్రమే. బ్యాచ్ మధ్యలో వదిలి వెళ్లినందుకు వాపసు ఇచ్చిన ఫీజు, హడావుడిగా వేరే సారును తెచ్చుకున్న ఖర్చు లెక్క చూపగలిగితే అంతమేరకు అడగవచ్చు. 5 లక్షలూ వస్తాయన్న ఆశ పెట్టుకోకండి.

ఆ కొంచెం అడగడానికి కూడా దారిలో ఇంకో గోడ ఉంది. అది మీ స్నేహితురాలి విషయం. లాభం పంచుకుందామని అనుకుని ఇద్దరూ వ్యాపారం మొదలుపెడితే అది భాగస్వామ్యమే, నోటిమాటైనా సరే. కానీ రిజిస్టర్ కాని ఫర్మ్, తన కాంట్రాక్టు హక్కుల కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. భాగస్వామ్య చట్టం 1932లోని 69వ సెక్షన్ చెప్పేది ఇదే. సారు బాండ్ సెంటర్ పేరు మీద ఉంటే ఆ దావా మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. దావా వేశాక పరుగెత్తి రిజిస్టర్ చేయించినా లాభం లేదు, ముందే అయి ఉండాలి.

అంతకన్నా మిమ్మల్ని బాధపెట్టే మాట ఒకటుంది. వాటా ఇంత అని రాసుకోకపోతే చట్టం సమానం అనుకుంటుంది. పొద్దున బ్యాచ్‌కు తాళం తీసే దగ్గర్నుంచి రాత్రి తాళం వేసేదాకా మీరే ఉన్నా, ఒప్పందం లేకపోతే ఆ శ్రమకు విడిగా జీతం రాదు. ఆవిడ పెట్టింది అప్పు మాత్రమేనని మీరు వాదించాలంటే, లాభంలో వాటా అనుకున్నామని మీ ఉత్తరంలోనే ఉంది. మీ రిసెప్షన్ టేబుల్ మీద ఫీజు తీసుకునే స్కానర్లు రెండు ఉన్నాయేమో చూడండి, ఒకటి మీ పేరు మీద, ఒకటి ఆవిడ పేరు మీద. అలా ఉంటే భాగస్వామ్యానికి అదీ ఒక గట్టి సాక్ష్యమే.

అందుకే సారు కంటే ముందు స్నేహితురాలితో కూర్చోండి. గొడవ ముదరకముందే పెద్దమనిషి ఒకరిని పెట్టుకుని, లెక్కలు ముందేసుకుని, ఇప్పటికైనా దస్తావేజు రాసుకోండి. ఎవరు ఎంత పెట్టారు, రోజూ పనిచేసే మీకు నెలకు ఎంత జీతం, మిగిలినదాంట్లో ఎవరి వాటా ఎంత, విడిపోతే సెంటర్ పేరు ఎవరిది అన్నవి అందులో ఉండాలి. ఈ ఆఖరిది చాలామంది వదిలేస్తారు, తర్వాత దానికోసమే కొట్టుకుంటారు. దస్తావేజును రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ చేయించండి. ఆవిడ తప్పుకుంటానంటే లెక్క తేల్చి డబ్బిచ్చి, ఆ సంగతి పత్రికలో బహిరంగ ప్రకటన కూడా ఇప్పించాలి. లేకపోతే రేపటి బాకీలు ఆవిడ మెడకూ చుట్టుకుంటాయి.

మీరు గట్టిగా నిలబడగలిగేది పేరు దగ్గర, నోట్సు దగ్గర. పేరు కాపీ కొట్టి పిల్లల్ని పక్కదారి పట్టిస్తే జిల్లా కోర్టులో దావా వేయవచ్చు. ట్రేడ్‌మార్క్ లేకపోయినా ఈ హక్కు ఉంటుంది. 69వ సెక్షన్ కూడా అడ్డం రాదు. ఎందుకంటే ఇది కాంట్రాక్టు మీద వేసే దావా కాదు. 2000లో హల్దీరామ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా స్పష్టంగా చెప్పింది. నాలుగేళ్ల నాటి రశీదు పుస్తకాలు, పాత ఫ్లెక్సీల ఫొటోలు, ‘మీదే అనుకుని అక్కడికి వెళ్లాం’ అని చెప్పే ఒకరిద్దరు తల్లిదండ్రుల వాంగ్మూలాలు జాగ్రత్త చేయండి. అయితే మీ పేరు స్వామివారి పేరో, అమ్మవారి పేరో అయితే మాత్రం పట్టు సడలుతుంది. తిరుపతిలో ఆ పేర్లతో లాడ్జీ నుంచి లాండ్రీ దాకా ఉన్నాయి, ఒక్కరికే సొంతమనడం కష్టం. లోగో, రంగులు, పేరులోని మిగతా మాటలు కలిపి చూపాల్సి వస్తుంది. ఏదేమైనా విద్యాసేవలకు వర్తించే 41వ క్లాసు (విభాగం) కింద ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు చేయండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉన్న సంస్థకు ఆన్‌లైన్‌లో ఫీజు 4,500, లేని ఫర్మ్‌కు 9,000.

నోట్సు విషయంలో ఒక్క సంగతి చూడాలి. ఆయన నెలజీతం ఉద్యోగా, క్లాసుకింత అని తీసుకున్నారా? ఉద్యోగంలో భాగంగా రాసిన మెటీరియల్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ అలా చెబుతుంది. క్లాసు లెక్కన వచ్చిన గెస్ట్ ఫ్యాకల్టీ అయితే, హక్కు మీకు రాసిస్తే తప్ప ఆయనదే. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, పుస్తకం వేసిన ప్రెస్సు బిల్లు, డీటీపీ చేయించిన ఫైలు ఇక్కడ మీకు ప్రాణం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, కాలం-పని లెక్కకు ఆయన కనిపెట్టిన షార్ట్‌కట్ ఎవరి సొత్తూ కాదు. అదే లెక్కను ఆయన వేరే మాటల్లో, వేరే ఉదాహరణలతో రాసుకుంటే మీరు ఆపలేరు. పేజీకి పేజీ జిరాక్స్ తీస్తే ఆపగలరు. పేరుకూ నోట్సుకూ కలిపి ఒకే లాయరు నోటీసు పంపండి. చాలాసార్లు బోర్డు మారడానికి అదే సరిపోతుంది.

నోటీసు పంపేముందు మీ ఫ్లెక్సీ కూడా ఒకసారి చూసుకోండి. ఆయన ఫొటో ఇంకా ఉంటే ఈ రాత్రికే దింపించండి. ‘ఉద్యోగం గ్యారంటీ’ అన్న మాట ఉన్నా, ఒక్క మాక్ టెస్టు రాసి వెళ్లినవాళ్ల ఫొటోల్ని ఫుల్ కోర్సు పిల్లల మధ్య కలిపేసినా అది ఇప్పుడు పెద్ద నేరారోపణే. కోచింగ్ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2024 నవంబరు 13న మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగం వచ్చిన తర్వాత ఆ అభ్యర్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పేరూ ఫొటో వాడాలి, ఏ కోర్సు, ఎంతకాలం, డబ్బు కట్టి చదివారా లేదా అన్నదీ చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు.

ఫీజు వాపసు అడిగే 40 మందితో పోట్లాడకండి. రశీదు కింద ‘కట్టిన ఫీజు వాపసు ఇవ్వబడదు’ అని ఎంత పెద్ద అక్షరాల్లో అచ్చేసినా వినియోగదారుల కమిషన్ ముందు అది పెద్దగా నిలవదు. కోచింగ్ సెంటర్లు ఆ చట్టం కిందికే వస్తాయని జాతీయ కమిషన్ 2020లో చెప్పింది. పీలేరు అబ్బాయి, పుత్తూరు అమ్మాయి తామున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తాలకు కోర్టు ఫీజూ లేదు. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాలు, మధ్యలో మానేసిన పిల్లలకు మిగిలిన కాలానికి లెక్కగట్టి 10 రోజుల్లో ఇవ్వాలంటున్నాయి. వాటిని అమలు చేయాల్సింది రాష్ట్రాలే అయినా, అవతలి లాయరు కమిషన్ ముందు పెట్టే మొదటి కాగితం అదే. రెండు నెలలు విన్న పిల్లాడికి నాలుగు నెలల భాగం, 12 వేలు. ముందు మంచి సారును తెచ్చి రెండు డెమో క్లాసులు పెట్టించండి, సగంమంది ఉండిపోవచ్చు. అప్పటికీ వెళ్తానన్నవాళ్లకు ఓచరు మీద సంతకం తీసుకుని ఇచ్చేయండి. ఊళ్లో అప్పో సప్పో చేసి ఫీజు కట్టిన ఇళ్లు అవి. వాళ్లను కమిషన్ మెట్లెక్కించి మీరు బాగుపడేది ఏమీ లేదు.

మీరు అడగనిది, నేను చెప్పక తప్పనిది జీఎస్టీ. 160 మందికి 18 వేలంటే 28.8 లక్షలు. 20 లక్షలు దాటితే 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, కోచింగ్ మీద పన్ను 18 శాతం. మీరు విడిగా వసూలు చేయలేదు కాబట్టి, దాటిన 8.8 లక్షల్లోనే పన్ను ఉందనుకున్నా ఒక్క ఏడాదికి సుమారు 1.34 లక్షలు, దానిపై వడ్డీ, పెనాల్టీ. వెనకటేళ్లలో కూడా హద్దు దాటి ఉంటే అదనం. స్కానర్లలో పడిన ప్రతి రూపాయికీ ఆనవాలు ఉంటుంది. నోటీసు వచ్చేదాకా ఆగకుండా ఆడిటరును కలవండి. ఏడాదికి 50 లక్షల లోపు సేవలకు కాంపోజిషన్ పద్ధతి ఉంది. 6 శాతం మీ జేబులోంచి కట్టాలి, పిల్లల దగ్గర పన్ను పేరుతో తీసుకోకూడదు. మీ లెక్కకు ఏడాదికి 1.73 లక్షలు అవుతుంది. మామూలు పద్ధతిలో ఇదే ఫీజులో 4.39 లక్షలు పోతాయి, ఇన్‌పుట్ క్రెడిట్ (మీరు కొన్నవాటి మీద ముందే కట్టిన జీఎస్టీ) వల్ల అందులో కొంత తగ్గుతుందంతే. వేలూరు, హోసూరు పిల్లలకు ఆన్‌లైన్ బ్యాచ్ ఆలోచన ఉంటే మాత్రం ముందే చెప్పండి, వేరే రాష్ట్రానికి సేవ అందిస్తే ఈ పద్ధతి కుదరదు.

మీవారి ఆదివారం క్లాసు ఆపేయండి. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ స్కూలు టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటుంది, ఉద్యోగుల ప్రవర్తనా నియమాలూ ఒప్పుకోవు. మీరు సెంటర్ నడపడం తప్పు కాదు. రెండు వీధుల అవతల మీ మీద కోపంగా ఉన్న మనిషికి ఈ సంగతి తెలుసు, ఒక్క అర్జీ చాలు.

కొత్త సారుతో రాసుకునే ఒప్పందంలో పాత బాండ్ ఒక్క లైను కూడా ఉంచకండి. నడుస్తున్న బ్యాచ్ పూర్తయ్యేదాకా ఉండాలి, మూడు నెలల నోటీసు, ఇవ్వకపోతే ఆ మేరకు జీతం, రాసిన మెటీరియల్ హక్కు సెంటర్‌ది, పిల్లల ఫోన్ నంబర్లు బయటికి వెళ్లకూడదు. ఇవి నిలబడేవి. బ్యాచ్ పూర్తిచేసినందుకు లాభంలో కొంత బోనస్ కూడా రాయండి, మనిషి నిలిచేది దాని వల్లే. ముఖ్యమైన సబ్జెక్టుకు ఇద్దరు సార్లు ఉండేలా చూసుకోండి.

సెల్లారు సంగతి. వద్దు. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో ముగ్గురు విద్యార్థులు నీళ్లలో మునిగి చనిపోయింది కోచింగ్ సెంటర్ సెల్లారులో పెట్టిన లైబ్రరీలోనే. 2019లో సూరత్‌లో కోచింగ్ నడిచే బిల్డింగ్ అంటుకుని 22 మంది పోయారు. ప్లానులో పార్కింగ్ అని ఉన్నచోట పిల్లల్ని కూర్చోబెడితే, ఏదైనా జరిగిన రోజు ఓనరుతో పాటు మీరూ ముద్దాయి అవుతారు. రీడింగ్ రూమ్ కావాలంటే రెండు మెట్లదారులున్న పైఅంతస్తు చూడండి. అద్దె ఒప్పందం రిజిస్టర్ చేయించండి. అడ్వాన్సు ఇచ్చే ముందు బిల్డింగ్ ప్లాను కాపీ, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం) అడగండి. అవి చూపించలేని ఓనరుకు అడ్వాన్సు ఇవ్వకండి.