ఎండల దూరం పోయే గుర్రానికి జీను కింద ఏ ప్యాడ్ వేయాలె?

అన్నా, 40 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ రైడ్‌కు (గుర్రం మీద దూరం పోయే ఓర్పు పోటీకి) గుర్రాన్ని తయారు చేస్తున్న అన్నరు. జీను దించినప్పుడల్లా వీపు కాలిపోతోంది, మందమున్న జెల్ ప్యాడ్ కొనాల్నా, గాలి ఆడే జాలీ ప్యాడ్ కొనాల్నా అని అడిగిన్రు. నాది హన్మకొండ. ఆరేండ్ల సంది ఒక మార్వాడీ జాతి ఆడగుర్రాన్ని ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ కట్ట మీద తిప్పుతున్న. నేను చేసిన తప్పు గుర్తు దాని వీపు మీద ఇప్పటికీ ఉన్నది, అందుకే వివరంగ రాస్తున్న.

మొదటి ఏడు జూన్‌ల, మెత్తగ ఉంటే దానికి సుఖమనుకొని అడుగున రబ్బరు లెక్కుండే నియోప్రిన్ ప్యాడ్, దాని మీద ఫోమ్ ప్యాడ్ వేసిన. 30 కిలోమీటర్లు తిరిగొచ్చి జీను దించితే నియోప్రిన్ చర్మాన్ని పట్టుకొని ఊడొచ్చింది. చెయ్యి పెడితే అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి. అంత తడిల గూడ మూపుకు రెండు దిక్కుల అరచెయ్యంత జాగల వెంట్రుక పొడిగ ఉన్నది. అక్కడ వేడి తగల్లేదనుకున్న. నిజానికి రెండు ప్యాడ్ల మందంతోని జీను మూపు దగ్గర బిగిసి, ఆ ఒత్తిడికి చెమటే రాలేదు. కొన్ని నెలలకు ఆ రెండు జాగలల్ల తెల్ల వెంట్రుకలు మొలిచినయి. ఇగ అవి పోవు.

అప్పట్నుంచి నాకు అర్థమైంది ఒక్కటే: ప్యాడ్ గుర్రాన్ని చల్లబరచదు. చెమట గాలికి ఆరితేనే ఒంట్ల వేడి పోతది. మనిషి బరువు పడి, తంగు (కడుపు కింది పట్టీ) బిగించినంక జాలీ ప్యాడ్ గూడ నలిగిపోతది. గాలి ఆడేది వెన్ను మీదున్న సందులనే. ప్యాడ్ చేయాల్సింది చెమటను చర్మం మీంచి గుంజుకునుడు, ఒరుపు కానియ్యకపోవుడు. దానికి ఉన్నిని మించింది నాకు దొరకలే. తన బరువుల దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా చేతికి తడి తెలువదు. నూలు పీల్చుకుంటది గాని ముద్దయితది, ముడత పడ్డకాడ చర్మం లేస్తది. జెల్ అసలు పీల్చదు, మీరు దాని మీద పైసలు పెట్టకున్రి.

మన దగ్గర ఉన్ని అంటే గొంగడే గదా. ఊర్ల ఒక కురుమ పెద్దాయన చెప్తే కొత్త గొంగడి మడతపెట్టి వేసి చూసిన. నేసేటప్పుడు దానికి చింతగింజల గంజి పట్టిస్తరు. చెమటకు ఆ గంజి కరిగి, ఆరినంక అంచు అట్టలెక్క గట్టిపడ్డది. మూడుసార్లు ఉతికి గంజి మొత్తం పోగొట్టినంక బాగనే పనిచేసింది, కాని మడత గీతలు జీను కింద ఒత్తుతయి. నడకకు, 10 కిలోమీటర్లకు సరే, 40కి వద్దు. ఇప్పుడు నేను వాడేది ఒక్కటే ఉన్ని ఫెల్ట్ (నేయకుండ ఉన్నిని అదిమి చేసిన మందపు బట్ట) ప్యాడ్, వెన్ను కాడ సందు ఉన్నది. తంగు బిగించే ముందు దాని ముందు భాగాన్ని వేళ్లతోని జీను సందులకు పైకి ఎత్తుత. ఇది మర్చిపోతే ఎంత మంచి ప్యాడైనా మూపును నొక్కుతది.

గుర్రం చెమటల మన చెమట కన్నా ఉప్పు ఎక్కువ. ఆరితే ప్యాడ్ మీద తెల్లగ పెచ్చు కడతది, మర్నాడు అదే గరుకు. రోజూ బ్రష్‌తోని దులపున్రి, ఉతికితే సబ్బు ఆనవాలు లేకుండ జాడియ్యున్రి.

ఇగ వేడి దించుడు జీను అవతలి పని. ఆగిన కాడల్లా మెడ, రొమ్ము, కాళ్ల మీద నీళ్లు పొయ్యండి, గుర్రం చల్లబడేదాక పోసుడు ఆపకున్రి. చల్లనీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తయని మనోళ్లు భయపెడ్తరు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు దీని మీద పరిశోధనలు చేసిన్రు, ఏం కాదని తేలింది. ఎడమ మోచేయి వెనుక స్టెతస్కోప్ పెట్టి 15 సెకండ్లు లెక్కపెట్టున్రి. 16 కొట్టుకుంటే నిమిషానికి 64. చాలా పోటీలల్ల ముందుకు పోనియ్యాలంటే గుండె ఆ లెక్కకు దిగాలె. దిగకపోతే ఆ రోజుకు ఆపెయ్యున్రి.

వానాకాలం ఎండ తక్కువున్నదని నమ్మకున్రి. వాన వెలిసినంక గాలిల తేమకు చెమట ఆరక కారిపోతది, వేడి ఒంట్లనే ఉంటది. నేను వానాకాలమైనా ఎండాకాలమైనా తెల్లారి నాలుగున్నరకే బయలెల్లుత, ఎనిమిది లోపు పాకకు తెస్త.

కొనే ముందు ఒక పని చెయ్యున్రి. ఇప్పుడున్న ప్యాడ్‌తోనే గంట తిప్పి, జీను దించంగనే వీపు మీది చెమట అచ్చు ఫొటో తీయున్రి. పొడి జాగ ఏదన్న ఉంటే మెల్లగ వేలుతోని నొక్కున్రి. గుర్రం వీపు దించిందా, చెవులు వెనక్కి పెట్టిందా చూడున్రి, అట్ల చేస్తే అక్కడ జీను ఒత్తుతున్నట్టు. జీను ఆనకపోయినా పొడిగ ఉండొచ్చు, నొక్కితేనే తేడా తెలుస్తది. ఆ ఫొటో ఇక్కడ పెడితే చూసి చెప్త.