పాత అంబాసిడర్ హెడ్‌లైట్ ఉండుండి మసకబారుతోంది: బ్యాటరీ మార్చాలా?

చాలా సందర్భాల్లో కారణం బ్యాటరీ కాదు, కారు బాడీకి బిగించిన ఎర్త్ తీగ చివర పట్టిన తుప్పు. విశాఖపట్నంలో ఉప్పుగాలి తేమ ఆ బోల్టు కింద చేరి కరెంటు తిరిగి వెళ్లే దారిలో నిరోధాన్ని పెంచుతుంది. కుదుపుకు అతుకు కాస్త కదిలితే చాలు, లోపం కనబడి మళ్లీ మాయమవుతుంది. ఉదాహరణకు, 12 వోల్టుల మీద 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి, అక్కడ 0.4 ఓమ్‌ల నిరోధం ఉన్నా 2 వోల్టులకు దగ్గరగా వృథా అవుతాయి.

లైటు ఆర్పి పరీక్షించినప్పుడు మల్టీమీటరు (వోల్టేజి, నిరోధం కొలిచే పరికరం) తీగ తెగలేదని చెప్పే బీప్ అన్నది కనుక తీగ బాగుందనుకోవడమే అసలు పొరపాటు: ఆ పరీక్షలో పారేది అతి స్వల్ప కరెంటు, ఒక్క రాగి పోగు మిగిలిన తీగ కూడా అందులో నెగ్గుతుంది. లైటు వెలుగుతుండగానే బల్బు ఎర్త్ కొసకూ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కూ మధ్య వోల్టేజి చూస్తూ, తీగను చేత్తో మెల్లగా కదపాలి. ఎక్కడ కదిపినప్పుడు అంకె 0.2 వోల్టులు దాటి ఎగురుతుందో అక్కడే బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా గీకాలి.