పాఠకుల ప్రశ్నలు: చిలికా అడుగున పచ్చిక

ప్రశ్న: మాది గంజాం జిల్లా రంభ. మూడు తరాలుగా చిలికా సరస్సు మీదే మా బతుకు. నీళ్లు తేటగా ఉన్న చోట అడుగున పచ్చని నాచు పరుచుకొని ఉంటుంది. అది చుట్టుకొంటే పడవ ఇంజను ఆగిపోతుంది, వలలో పడితే దులుపుకోవడానికే పూట గడిచిపోతుంది. పీకి పారేస్తే సరస్సు బాగుపడుతుందని పెద్దలు, ముట్టుకోకూడదని బడికి వెళ్లే పిల్లలు అంటున్నారు. ఎవరి మాట నిజం?
– ఒక మత్స్యకారుడు, రంభ

జవాబు: పిల్లల మాటే నిజం. అయితే పెద్దల మాటా ఊరికే పుట్టింది కాదు. నదులు తెచ్చిన ఒండ్రుతో సముద్రానికి పోయే దారి పూడుకుపోయి, ఉప్పదనం తగ్గి, మంచినీటి కలుపు విపరీతంగా అల్లుకొని, చేపలు కరువైన రోజులను వారు కళ్లారా చూశారు. 1981లోనే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన చిలికాను 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికలో చేర్చవలసి వచ్చింది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్విన తరువాత ఉప్పునీరు తిరిగి వచ్చింది, కలుపు వెనక్కి తగ్గింది, 2002లో చిలికా పేరును ఆ పట్టిక నుంచి తీసివేశారు. మీ వైపు నేడు కనిపించే పచ్చిక ఆ ఉప్పదనంతో పాటే విస్తరించింది. కాబట్టి నాడు పెద్దలు తిట్టుకున్న మొక్క వేరు, నేడు మీ పడవ కింద ఉన్న మొక్క వేరు.

ఈసారి వలకు చిక్కినప్పుడు ఒక మొక్కను కడిగి చూడండి. బురదలో అడ్డంగా పాకే సన్నని కాండం, కణుపుల దగ్గర వేళ్లు కనిపిస్తే అది సముద్రపు గడ్డి. నాచుకు నిజమైన వేళ్లు లేవు, పూలూ పూయవు. ఈ గడ్డి మాత్రం గరికలా పాకి, నీటి అడుగునే పూసి, గింజ కడుతుంది. చిన్న కోలాకులున్న హాలోఫిలా, సన్నని పట్టీల వంటి ఆకులున్న హాలోడ్యూల్ రెండూ చిలికాలో ఉన్నాయి.

ఇక మీ జీవనోపాధికి సంబంధించిన సంగతి. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. వెంట్రుక మందాన ఉండే పిల్లలు పోటుతో పాటు ముఖద్వారం గుండా సరస్సులోకి వచ్చి, ఎదిగిన తరువాతే తిరిగి సముద్రానికి పోతాయి. మధ్యలో గడిపే ఆ కొన్ని నెలల్లో వాటిని మింగడానికి ప్రతి చేపా కాచుకొని ఉంటుంది. గడ్డి దుబ్బుల్లో అవి దాగుతాయి, ఆకుల మీద పేరుకొనే సూక్ష్మజీవులను తింటాయి. గుల్ల విడిచి మెత్తబడిన పీత పిల్లలకూ అదే ఆశ్రయం. బోసిపోయిన ఇసుక అడుగున ఈ సదుపాయం లేదు. నారుమడిని దున్నేసి పంట కోసం ఎదురు చూసే రైతు ఎవరూ ఉండరు కదా!

మరో మేలు కంటికి కనిపించదు. ఆకులు నీటి వేగాన్ని తగ్గించడం వల్ల ఒండ్రు కిందికి దిగుతుంది, దాన్ని వేళ్లు పట్టి ఉంచుతాయి, నీరు తేటపడి ఎండ అడుగుదాకా చేరుతుంది, ఆ ఎండతోనే గడ్డి మళ్లీ పెరుగుతుంది. ఒకచోట పీకితే బురద లేచి, పక్కనున్న గడ్డికి కూడా వెలుతురు అందకుండా పోతుంది. గడ్డి కింది బురదలో గాలి చొరబడదు కనుక రాలిన ఆకులు, వేళ్లలోని కర్బనం ఏళ్ల తరబడి అక్కడే నిలిచిపోతుంది. సముద్రపు అడుగులో వెయ్యింట రెండు వంతులకు మించని ఈ పచ్చిక, సముద్రాలలో ఏటా పూడుకుపోయే కర్బనంలో సుమారు పదోవంతును దాచుకుంటుందని అంచనా.

మీ ఇబ్బందిని కాదనలేము. లోతు తక్కువైన చోట ఇంజను పైకెత్తి గడకర్రతో పడవ నడపడం, గడ్డి మీద అడుగు రాసుకొనే వలలు లాగకపోవడం చాలు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎండు ఆకులను ఎత్తిపోసుకుంటే నష్టమేమీ లేదు.

ప్రశ్న: మా గోపాలపూర్ తీరంలో ఈ గడ్డి ఎందుకు లేదు? దీన్ని మేసే సముద్రపు ఆవు చిలికాలో ఉంటుందా?
– ఒక ఉపాధ్యాయురాలు, బరంపురం

జవాబు: గోపాలపూర్‌లో అలల తాకిడికి ఇసుక నిత్యం కదులుతూనే ఉంటుంది, అక్కడ వేరు నిలదొక్కుకోలేదు. చిలికాకూ బంగాళాఖాతానికీ నడుమ ఇసుకదిబ్బ అడ్డంగా ఉండటం వల్ల లోపలి నీరు నెమ్మదిగా ఉంటుంది. సముద్రపు ఆవులు (డ్యూగాంగ్ అనే సముద్రపు క్షీరదాలు) మన దేశంలో పాక్ జలసంధి, మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, అండమాన్ ప్రాంతాలలో ఉన్నాయి; వాటి కోసం తమిళనాడు ప్రభుత్వం 2022లో పాక్ జలసంధి తీరాన 448 చదరపు కిలోమీటర్లను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. చిలికాలో మీరు చూసేది ఇరావడీ డాల్ఫిన్. అది గడ్డి మేయదు, చేపలను తింటుంది. శీతాకాలంలో వచ్చే బాతులు మాత్రం నీటిలోని మొక్కలను మేస్తాయి. మీ తీరాన ఒడియా వారు నోళియాలని పిలిచే మన తెలుగు జాలరుల వలలో పడే రొయ్యల్లో కొన్ని, చిలికా వంటి ఉప్పునీటి సరస్సుల్లో పెరిగి సముద్రంలోకి వచ్చినవే.