81 శాతం మద్దతు అంటే ఎంత?

ఉక్రెయిన్ యుద్ధం మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ట్యాంకులు, క్షిపణుల ఊసు తక్కువ. జనం ఏమనుకున్నారు, ఎందుకలా అనుకున్నారు అన్నదే ఎక్కువమంది అడిగారు. వాటిలో కొన్నింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: రష్యాలో 80 శాతం మంది యుద్ధాన్ని సమర్థించారని చదివాను. నిజంగానే అంతమందికి ఇష్టమా, భయపడి అలా చెప్పారా?
– డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీరు చదివిన అంకె రష్యాలో జనాభిప్రాయ సర్వేలు చేసే లెవాడా సెంటర్‌ది. 2022 మార్చి చివర్లో వాళ్లు చేసిన సర్వేలో 81 శాతం మద్దతు వచ్చింది. లెవాడా ప్రభుత్వ సంస్థ కాదు, పైగా 2016లో ప్రభుత్వమే దానికి 'విదేశీ ఏజెంట్' ముద్ర వేసింది. కాబట్టి అంకెలు వండి వార్చారనడానికి లేదు. చిక్కంతా జవాబు చెప్పినవాళ్ల దగ్గర, అడిగిన తీరు దగ్గర ఉంది.

ముందు ఆ 81ని విడదీసి చూడండి. 'ఖచ్చితంగా మద్దతు' అన్నవాళ్లు 53, 'మద్దతే అనుకోండి' అన్న ధోరణిలో చెప్పినవాళ్లు 28. ఈ రెండో జవాబులో చాలాసార్లు గొడవెందుకులే అనే లెక్క ఉంటుంది. పేపర్లు రెంటినీ కలిపేసి హెడ్డింగు పెట్టాయి. ఇక ప్రశ్న సంగతి. అడిగింది 'రష్యా సైన్యం చర్యలను సమర్థిస్తారా' అని. కొడుకో అల్లుడో సైన్యంలో ఉన్న ఇంట్లో దీనికి కాదనే మాట నోట రాదు. అదే సంస్థ 2022 అక్టోబరులో 'యుద్ధం కొనసాగించాలా, శాంతి చర్చలు మొదలుపెట్టాలా' అని అడిగితే 57 శాతం చర్చలన్నారు, కొనసాగించాలన్నది 36 శాతమే. అప్పటికి నెల కిందటే, సెప్టెంబరు 21న, 3 లక్షల మందిని సైన్యంలోకి పిలుస్తూ ఉత్తర్వు వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ అక్టోబరులోనూ 'సైన్యానికి మద్దతు' 70 దాటే ఉంది. చాలామంది సైన్యానికి మద్దతనీ అన్నారు, చర్చలు కావాలనీ అన్నారన్నమాట.

ఇక భయం. దాన్ని కొలవడానికి 'లిస్టు పద్ధతి' ఒకటుంది. సర్వేకు వచ్చినవాళ్లను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేస్తారు. మొదటి గుంపుకు మూడు మామూలు వాక్యాలు ఇస్తారు. రెండో గుంపుకు ఆ మూడింటితోపాటు యుద్ధాన్ని సమర్థిస్తున్నాననే నాలుగో వాక్యం కలిపి ఇస్తారు. ఏ వాక్యంతో ఏకీభవిస్తున్నారో చెప్పనక్కర్లేదు, ఎన్నింటితో అన్నది చెబితే చాలు. మొదటి గుంపు సగటు 1.40, రెండో గుంపు సగటు 1.95 వచ్చిందనుకోండి. తేడా 0.55, అంటే మద్దతు 55 శాతం. ఫలానా మనిషి ఏమన్నాడో సర్వే చేసినవాడికి కూడా తెలియదు. 2022 ఏప్రిల్‌లో రష్యాలో ఇలా చేసినప్పుడు నేరుగా అడిగితే 68 శాతం వచ్చిన మద్దతు లిస్టు పద్ధతిలో 53కి దిగింది. భయాన్ని తీసేసినా సగం మంది మిగిలారు. మనకు నచ్చినా నచ్చకపోయినా ఆ సగం మంది మాటే అది.

కాలేజీ ప్రాజెక్టుగా ఇది చేయాలనుకుంటే రెండు జాగ్రత్తలు. 'ఆర్టీసీ బస్సులు పెంచాలి', 'కరెంటు చార్జీలు తగ్గించాలి', 'నల్లా నీళ్లు రోజూ రావాలి' లాంటి వాక్యాలు మూడూ పెట్టారో, ప్రతివాడూ మూడు అంటాడు. అప్పుడు నాలుగు అన్నవాడు దొరికిపోతాడు, పద్ధతి మొత్తం వృథా. ఒకటి చాలామందికి నచ్చేది, ఒకటి చాలామందికి నచ్చనిది, ఒకటి అటూ ఇటూ ఉండేది పెట్టాలి. రెండోది మనుషుల లెక్క. గుంపుకు 50 మంది చొప్పున చేస్తే పొరపాటు అటు 35, ఇటు 35 శాతం దాకా ఉండొచ్చు. గుంపుకు వెయ్యి మంది ఉంటే అది 8 శాతం దగ్గరికి దిగుతుంది. కాబట్టి మీ సెక్షన్ ఒక్కటీ సరిపోదు.

ప్రశ్న: అంతమందికి ఇష్టం లేకపోతే వీధుల్లోకి రావచ్చుగా? తెలంగాణ ఉద్యమంలో మనవాళ్లు రాలేదా?
– విశ్రాంత ఉద్యోగి, మలక్‌పేట

జవాబు: వచ్చారండీ. 2022 ఫిబ్రవరి 24న దాడి మొదలైంది, ఆ సాయంత్రమే మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్ వీధుల్లో జనం ఉన్నారు. అరెస్టులను లెక్కించే ఓవీడీ-ఇన్ఫో మార్చి మధ్యకల్లా 13 వేలకు పైగా నిర్బంధాలు నమోదు చేసింది. మార్చి 4న చట్టం మార్చారు. సైన్యం మీద 'తప్పుడు సమాచారం' చెబితే 15 ఏళ్ల దాకా జైలు. సైన్యాన్ని 'కించపరిస్తే' మొదటిసారి 30 వేల నుంచి 50 వేల రూబుళ్ల జరిమానా, ఏడాదిలోగా రెండోసారి దొరికితే క్రిమినల్ కేసు. ఆ తర్వాత ఏమీ రాయని తెల్లకాగితం పట్టుకుని నిలబడ్డవాళ్లనూ పోలీసులు వ్యాను ఎక్కించారు. ఒకామె 'యుద్ధం వద్దు' అన్న రెండు పదాలకు బదులు కాగితం మీద 'రెండు పదాలు' అని మాత్రమే రాసుకొచ్చింది, ఆమెనూ తీసుకెళ్లారు. మాస్కోలో అలెక్సీ గోరినోవ్ అనే వార్డు సభ్యుడికి, ఉక్రెయిన్‌లో పిల్లలు చనిపోతుంటే ఇక్కడ పిల్లలకు బొమ్మలు గీసే పోటీ ఏమిటని సమావేశంలో అన్నందుకు 2022 జులైలో ఏడేళ్ల శిక్ష పడింది. మన ఉద్యమంలోనూ లాఠీలు, కేసులు ఉన్నాయి. కానీ వెనక పార్టీలు, యూనియన్లు, యూనివర్సిటీ, మర్నాడు ఆ వార్త వేసే పేపర్లు ఉన్నాయి. అక్కడ ఇవన్నీ అప్పటికే ఊడ్చేశారు.

ప్రశ్న: 'పోఖ్రాన్ పరీక్షలప్పుడు ఐరాసలో ఉక్రెయిన్ మనకు వ్యతిరేకంగా ఓటేసింది, రష్యా మన పక్షాన నిలిచింది' అని నాన్న ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. ఏమని చెప్పను?
– గృహిణి, వనస్థలిపురం

జవాబు: మన అణు పరీక్షలను ఖండించిన భద్రతా మండలి 1172వ తీర్మానం 1998 జూన్ 6న 15 ఓట్లతో ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ ఏడాది ఉక్రెయిన్ మండలిలో సభ్యదేశమే కాదు. రష్యా శాశ్వత సభ్యదేశం, అనుకూలంగానే ఓటేసింది. ఈ రెండు ముక్కలు చాలు.

అయితే మీ నాన్నగారి అభిమానం ఉత్త ఫార్వర్డ్ వల్ల పుట్టింది కాదు, దాన్ని తీసిపారేయకండి. 1971 ఆగస్టులో సోవియట్ ఒప్పందం, డిసెంబరు యుద్ధంలో మండలిలో సోవియట్ వీటోలు నిజం. విశాలాంధ్ర షాపులో చవగ్గా దొరికిన మాస్కో అచ్చు తెలుగు పుస్తకాలు చదివి పెరిగిన తరం అది. కాకపోతే ఆ సోవియట్ యూనియన్‌లో ఉక్రెయిన్ కూడా ఉంది. ఇంకో వైపు, పాకిస్తాన్‌కు 1990ల చివర్లో 320 టీ-80యూడీ ట్యాంకులు అమ్మింది ఉక్రెయినే, ఆ కోపానికీ కారణం ఉంది. 2022 మార్చి 2న సర్వప్రతినిధి సభలో 141 దేశాలు దాడిని ఖండిస్తే 5 కాదన్నాయి, 35 ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. మనం ఆ 35లో ఉన్నాం. దాన్ని రష్యాకు మద్దతని గ్రూపులో ఎవరైనా రాస్తే అదీ సరికాదు.

ప్రశ్న: పక్క దేశాల మధ్య మళ్లీ యుద్ధం మొదలైతే సన్‌ఫ్లవర్ నూనె ముందే కొనిపెట్టుకోవాలా?
– పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఒక నెల సరుకు అదనంగా ఉంటే చాలు. 2022కు ముందు మన సన్‌ఫ్లవర్ దిగుమతుల్లో దాదాపు 70 శాతం ఉక్రెయిన్‌దే కాబట్టి ధర పెరిగింది. ఆపైన ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసి, మే 23న మళ్లీ వదిలింది. పెట్టెలకొద్దీ కొన్నవాళ్లు ఎండాకాలంలో నూనె వాసన మారి పారబోసుకునే పరిస్థితి వస్తుంది, ఎందుకంటే సన్‌ఫ్లవర్ నూనె వేడికీ వెలుతురుకీ త్వరగా పాడవుతుంది. ధర పెరిగితే పల్లి నూనెకో రైస్‌బ్రాన్‌కో మారండి.

ప్రశ్న: యుద్ధం వీడియో అసలుదో కాదో ఫోన్‌లోనే తేల్చుకోవడం ఎలా?
– ఆటో డ్రైవర్, టోలీచౌకి

జవాబు: వీడియోను ఆపి మూడు నాలుగు చోట్ల స్క్రీన్‌షాట్ తీయండి. బోర్డు, భవనం, బండి నంబరు ప్లేటు కనిపించేవి ఎంచుకోండి. కిందా పైనా అతికించిన అక్షరాలను కత్తిరించేయాలి, లేకపోతే వెతుకులాట ఆ అక్షరాల వెంట పోతుంది. ఒక్కోటీ గూగుల్ లెన్స్‌లో పెట్టి, దొరికినవాటిలో అన్నిటికంటే పాత తేదీ చూడండి. యుద్ధానికి ముందే ఎక్కడైనా కనిపిస్తే పని అయిపోయినట్టే. ఏమీ దొరకలేదా, ఫొటోను అద్దంలోలా తిప్పి మళ్లీ వెతకండి, దొరక్కుండా ఉండాలని అలా తిప్పి పెట్టేవాళ్లుంటారు. ఫొటో వివరాల్లో తేదీ చూడొచ్చని కొందరు చెబుతారు గానీ వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో మామూలుగా అసలు తేదీ మిగలదు.

రాత్రి ఆకాశంలో విమానాలను కూల్చే వీడియో అయితే ముందు 'ఆర్మా 3' అనే గేమ్‌ను అనుమానించండి. 2022లో ఉక్రెయిన్ పేరుతో, 2025 మేలో మన సరిహద్దు పేరుతో దాని క్లిప్పులే తిరిగాయి. మనిషి గొంతు వినిపించదు, నేల మీద జనం కనిపించరు, కెమెరా మాత్రం తెగ ఊగుతుంది. అబద్ధమని తేలాక గ్రూపులో ఆ వీడియోనే మళ్లీ పెట్టి 'ఇది ఫేక్' అనొద్దు. అక్కణ్నుంచి మీ మాట లేకుండా వీడియో ఒక్కటే ముందుకు పోతుంది. పాత తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ మీద పెద్దగా కొట్టివేత గీత గీసి అది పెట్టండి.