వ్యాన్‌లో రెండో బ్యాటరీ: ముందు ఫ్యూజు సంగతి చూడండి

ఇంట్లో ఖాళీగా పడి ఉన్న 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ పట్టే కరెంటు కొలత) ట్యూబులర్ బ్యాటరీని, అదే ఇన్వర్టర్‌కి పెట్టే యాసిడ్ బ్యాటరీని, ట్రావెలర్ వ్యాన్‌లో రెండో బ్యాటరీగా పెట్టుకోవచ్చా, లేక లిథియం బ్యాటరీ కొనాలా అని అడిగారు. రాత్రిపూట ఫ్యాను, లైట్లు, చిన్న ఫ్రిజ్ నడవాలన్నారు. ట్యూబులర్ వద్దండి. నేను పెట్టి అనుభవించాను కాబట్టి చెబుతున్నాను.

మాది కావలి. పాత ట్రావెలర్ ఒకటి కొని, వెనక సీట్లు తీయించి పడుకోవడానికి బల్లలు కొట్టించాను. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, లాడ్జి మెట్లంటే భయం. బండిలోనే పడుకునే వీలుంటే గుళ్లన్నీ తిప్పొచ్చని నా ఆశ. ఇంటి ట్యూబులర్‌ని వెనక బల్ల కింద పెట్టించాను. ముందున్న బండి బ్యాటరీ నుంచి ఒక రిలే (ఇంజన్ నడుస్తున్నప్పుడు రెండు బ్యాటరీలనీ కలిపే స్విచ్చు), అక్కణ్నుంచి ఫ్లోర్ కిందుగా వెనక్కి లావుపాటి వైరు. బిగించినతను ఫ్యూజు వేయలేదు. అడిగితే "ఇంత లావు వైరుకి ఏం కాదన్నా" అన్నాడు.

కార్తీక పౌర్ణమికి భైరవకోన బయల్దేరాం. కొండలో తొలిచిన ఎనిమిది గుళ్లున్న చోటు. ఆ రాత్రి అమ్మవారి మీద వెన్నెల పడుతుంది, అది చూడాలని అమ్మ ఎన్నేళ్లుగానో అంటోంది. ఉదయగిరి దాటి సీతారామపురం రోడ్డు పట్టాక, "అబ్బయ్యా, రబ్బరు కాలతన్న వాసనరా" అంది. పొలంలో ఎవరో ఏదో తగలబెడుతున్నారులే అనుకున్నాను. ఇంకో నిమిషానికి వెనక చక్రం పక్కన మ్యాట్ కింద నుంచి పొగ లేచింది.

బండి ఆపి అమ్మని దించి, పరుగున పోయి ముందు బ్యాటరీ టెర్మినల్ ఊడదీశాను. పొగ ఆగలేదు. ఇంకా ఎక్కువైంది. అప్పుడు వెలిగింది నాకు, వైరుకి రెండో చివర ఇంకో బ్యాటరీ ఉంది కదా! ముందుది తీసేసినా వెనకది కాలుస్తూనే ఉంటుంది. ఆ బ్యాటరీ మీద బల్ల, బల్ల మీద పరుపు, సంచులు, పులిహోర డబ్బా. మా బావ అవన్నీ రోడ్డు మీదకి విసిరేశాడు. టెర్మినల్ నట్టు బిగుసుకుపోయి ఉంది, మా స్పానర్ జారిపోతోంది. వెనక వస్తున్న లారీ డ్రైవర్ ఆగి తన స్పానర్‌తో విప్పాడు. ఆయన రాకపోతే ఆ బండి మిగిలేది కాదు.

తర్వాత చూస్తే, ఫ్లోర్ రేకులో వైరు దూర్చిన చిల్లుకి రబ్బరు బుష్ లేదు. రేకు అంచు కోసి కోసి రాగి బయటపడి బాడీకి తగిలింది. ఫ్యూజు ఉంటే క్షణంలో పోయేది. అంతటితో అయిపోయేది. ఆ పౌర్ణమికి అమ్మ భైరవకోన చూడలేదు.

అందుకే నన్నడిగితే, ఏ కంపెనీ బ్యాటరీ అన్నది తర్వాత సంగతి. రెండు చివరలా ఫ్యూజు ఉండాలి, టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే. ఫ్యూజు కాపాడేది బ్యాటరీని కాదు, వైరుని.

ఇక మీ లెక్క. ఫ్రిజ్ 45 వాట్లది, రోజు మొత్తం మీద కంప్రెసర్ ఓ 10 గంటలు తిరుగుతుందనుకుంటే 450 వాట్-అవర్లు. 20 వాట్ల డీసీ ఫ్యాను 9 గంటలకి 180. లైట్లు, ఫోన్లు కలిపి 100. మొత్తం 730, దాన్ని బ్యాటరీ 12 వోల్టులతో భాగిస్తే సుమారు 60 ఏహెచ్. ట్యూబులర్‌లో సగమే వాడాలనుకున్నా 75 వస్తుంది, కాబట్టి కాగితం మీద అదీ సరిపోతుంది. కానీ 50 కిలోలకు పైగా బరువు. 15 ఆంపియర్లకి మించి చార్జింగ్ పెట్టకూడదు, చివరి భాగం మరీ నెమ్మది. చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, గుంతల్లో యాసిడ్ చిమ్ముతుంది. దోమలకి అద్దాలన్నీ మూసుకుని దాని మీద పిల్లల్ని ఎలా పడుకోబెడతాం? షాపుల్లో ఈ ముక్క చెప్పరు. "ఏదైనా ఒకటే సార్" అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకోండి, బీఎంఎస్ (బ్యాటరీని లోపలి నుంచి కాపాడే సర్క్యూట్) ఉన్నది. బరువు సుమారు 12 కిలోలు, 80 శాతం దాకా వాడొచ్చు. కానీ దాన్ని రిలేతో సూటిగా కలపొద్దు. అది కరెంటు విపరీతంగా లాగేస్తుంది, మెకానిక్కులు డైనమో అనే ఆల్టర్నేటర్ వేడెక్కి పాడైపోతుంది. కొత్త పొగ నిబంధనలకి తయారైన బీఎస్-6 బళ్లు చాలావాటిలో వోల్టేజీ కూడా నిలకడగా ఉండదు. మధ్యలో 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ పెట్టించండి, అది బండి కరెంటుని హద్దులో పెట్టి, సరైన వోల్టేజీతో రెండో బ్యాటరీకి ఎక్కిస్తుంది. రెండు గంటల ప్రయాణంతో మీ రోజు వాడకం దాదాపు వెనక్కి వచ్చేస్తుంది. దానికి 16 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 40 ఆంపియర్ ఫ్యూజులు. వైరు లావు పైన తొడుగు చూసి కాదు, లోపలి రాగి చూసి కొనాలి. వైరు చివర తొడిగే లగ్గులు సుత్తితో కొట్టనివ్వద్దు, వాటిని నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ ఉన్నవాడి దగ్గరికే వెళ్లండి.

వీడియోల్లో సున్నా డిగ్రీల్లో బ్యాటరీకి హీటర్ పెట్టాలని గంటలు గంటలు చెబుతుంటారు. మనకి ఆ బాధ లేదు, మన బాధ రోహిణి కార్తె. సైలెన్సర్ పోయే వైపు కాకుండా రెండో వైపు, గాలి ఆడేలా పెట్టించండి. మైపాడు, కొత్తపట్నం బీచ్‌లకి ఎక్కువ వెళ్తారనుకుంటే టెర్మినళ్లకి వాజలిన్ పూయండి, ఉప్పుగాలి తినేస్తుంది. బిగించాక మొదటి ట్రిప్పు నుంచి రాగానే ప్రతి నట్టూ ఇంకోసారి బిగించండి. దానికి సరిపోయే స్పానర్ సంచుల కింద కాకుండా డ్రైవర్ తలుపు జేబులో పెట్టుకోండి.