అబ్బాయి కంటే వయసులో పెద్ద బండి

ప్రశ్న: మా అబ్బాయి మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీలో ఉన్నాడు. వాడెక్కే బిఎంపీ-2 బండి (జవాన్లని మోసుకెళ్లే కవచ వాహనం) వాడికంటే వయసులో పెద్దదట. అంత పాతది యుద్ధానికి పనికొస్తుందా? నాకు ఒకటే టెన్షన్.
– ఓ తల్లి, అంబాజీపేట

జవాబు: చెల్లెమ్మా, సైన్యంలో బళ్లు, యంత్రాలు మరమ్మతు చేసే ఇ.ఎం.ఇ. విభాగంలో నా సర్వీసంతా ఇలాంటి బళ్ల కిందే గడిచింది. ఉక్కు డొల్ల, అంటే బండి ఒళ్లు, అంత తొందరగా పాడవదు. పాతబడేవి రబ్బరు సీళ్లు, గొట్టాలు, వైర్లు. ఓవర్‌హాల్‌కి వస్తే టరెట్ (పైన తిరిగే తుపాకీ గోపురం), ఇంజిన్, ట్రాకులు ఊడదీసి, డొల్లని బాగుచేసి మళ్లీ బిగిస్తారు.

ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో ‘శరత్’ పేరుతో తయారైంది ఈ బండే. దీని ఆయుష్షు రహస్యమంతా ఇంజిన్ ఎక్కడ పెట్టారన్న దాంట్లో ఉంది. ముందు భాగంలో కుడిపక్క ఇంజిన్, ఎడమపక్క డ్రైవరు. దాంతో వెనకంతా ఖాళీ గది. అందులో జవాన్లు కూర్చుంటారు. అదే డొల్ల మీద మోర్టారు బండి చేశారు, అంబులెన్సు చేశారు, ట్యాంకుల్ని కొట్టే నాగ్ క్షిపణి బండీ చేశారు. ఇంజిన్ వెనక ఉండుంటే ఇన్ని వేషాలు కుదిరేవి కావు.

అలాగని ఎంత పడితే అంత తగిలించలేరు. పద్నాలుగు టన్నుల పైచిలుకు బరువు, 300 హార్స్‌పవర్ ఇంజిన్. నీళ్లలో దిగితే ట్రాకులే తెడ్లు, వేగం గంటకి 7 కిలోమీటర్లు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవాళ్లకి తెలుసు, ఇంకో లారీ ఎక్కిందంటే అంచు నీళ్లకి ఎంత దగ్గరవుతుందో. ఇదీ అంతే. అఫ్ఘానిస్తాన్‌లో సోవియట్ వాళ్లు అదనపు కవచం బిగించి బిఎంపీ-2డి చేసుకున్నారు. అది తేలడం మానేసింది. కొత్త బండి గీసేటప్పుడే రేపటి బరువుకి, రేపటి కరెంటు వాడకానికి చోటు వదిలిపెట్టాలని నేను మొత్తుకునేది ఇందుకే. థర్మల్ సైటు (వేడిని బట్టి చీకట్లోనూ చూపించే గురిచూపు పరికరం), కొత్త రేడియో అన్నీ కరెంటు తాగేవే మరి.

జవాన్లని మోసే అమెరికా వాళ్ల కవచ బండి ఎం113 సంగతి చూడండి. 1960లో పెట్రోలు ఇంజిన్‌తో వచ్చింది. నాలుగేళ్లకే డీజిల్‌కి మారింది. 209 హార్స్‌పవర్ కాస్తా ఏ3 రకంలో 275 అయింది. లోపలుండే ఇంధనం ట్యాంకుల్ని వెనక బయటికి మార్చారు. నాకు నచ్చిన మార్పు అదే. మన బండిలో జవాన్లు వీపు ఆనించి కూర్చునే బెంచీల మధ్య ఒక ట్యాంకు, దిగే తలుపుల్లోనూ ఇంధనమే! ఈ ఒక్కటీ నాకు మొదట్నుంచీ మింగుడుపడలేదు.

కాబట్టి వయసు గురించి బెంగ వద్దు. అబ్బాయి సెలవుకొస్తే, బండికి ఓవర్‌హాల్ ఎప్పుడైందో, నైట్ సైటు మార్చారో లేదో అడగండి. తలుపుల ట్యాంకులు నింపుకుని ముందుకెళ్తున్నారేమో అదీ అడగండి.