విమానాల మోత: మీటరు చెప్పే అంకె, చట్టం చూసే అంకె

రన్‌వేలకు దగ్గర్లో ఉండే పాఠకుల ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మా మేడ మీద విమానం పోతుంటే ఫోన్‌లోని యాప్ 82 డెసిబెల్స్ చూపించింది. విమానాశ్రయం నివేదికలో మా వీధికి 58 అని రాసుంది. ఇందులో ఏది అబద్ధం?

రెండూ నిజమే కావచ్చండి. మీ ఫోన్ చూపించింది ఆ విమానం మోత తారస్థాయికి చేరిన క్షణంలో అంకె. దీన్ని ఎల్‌మ్యాక్స్ అంటారు. నివేదికలోది 24 గంటల సగటు. మధ్యలో ఇంకో అంకె ఉంది, అదే అసలు కీలకం. విమానం వినబడటం మొదలైనప్పటి నుంచి దూరంగా వెళ్లిపోయేదాకా చెవికి చేరిన శబ్దశక్తినంతా ఒక్క సెకనులోకి కుదిస్తే వచ్చేది ఎస్‌ఈఎల్. జెట్ విమానాలకు ఇది సాధారణంగా ఎల్‌మ్యాక్స్ కన్నా 8 నుంచి 10 డెసిబెల్స్ ఎక్కువ. కాబట్టి మీ 82కి ఎస్‌ఈఎల్ సుమారు 90 అనుకుందాం.

రోజు సగటు లెక్క ఇలా: విమానాల సంఖ్యకు లాగరిథమ్ తీసి, పదితో గుణించి, ఎస్‌ఈఎల్‌కు కలిపి, అందులోంచి 49.4 తీసేయాలి. ఒక రోజులో 86,400 సెకన్లు ఉంటాయి కదా, ఆ 49.4 అక్కడి నుంచి వచ్చిందే. పగలు 55 విమానాలు పోతే 90 + 17.4 − 49.4, అంటే సరిగ్గా 58. మీ ఫోనూ, ఆ నివేదికా ఒకే మోత గురించి చెబుతున్నాయన్నమాట.

ఇప్పుడు ఆ 55లో 15 విమానాలను రాత్రికి మార్చి చూడండి. అమెరికాలో వాడే డీఎన్‌ఎల్ కొలతలో రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా వచ్చే ప్రతి విమానానికీ 10 డెసిబెల్స్ జరిమానా కలుపుతారు. అంటే రాత్రి ఒక్క విమానం పగటి పదింటితో సమానం. 40 + 150 కలిపి 190 విమానాల లెక్క అవుతుంది, సగటు 63.4కి ఎగబాకుతుంది. ఒక్క విమానమూ పెరగలేదు, వేళ మాత్రమే మారింది. యూరప్ వాడే ఎల్‌డెన్‌లో సాయంత్రం 7 నుంచి 11 దాకా కూడా 5 డెసిబెల్స్ అదనం, 11 తర్వాత 10.

సగటుతో ఉన్న చిక్కు ఏమిటంటే, విమానాల సంఖ్య సగానికి తగ్గినా అది 3 డెసిబెల్సే దిగుతుంది, రెట్టింపైనా 3 మాత్రమే పెరుగుతుంది. రోజుకు 50 సార్లు మాట ఆపి కూర్చున్నవాళ్లు 100 సార్లు ఆపాల్సి వచ్చినా నివేదికలో కనిపించేది ఆ మూడే. అందుకే ఆస్ట్రేలియాలో ఎన్70 అనే లెక్క కూడా ఇస్తారు: 70 డెసిబెల్స్ దాటిన విమానాలు రోజుకు ఎన్ని అని. మామూలు మనిషికి అర్థమయ్యేది ఇదే. మీ విమానాశ్రయం ఇవ్వకపోతే అడగండి, వాళ్ల దగ్గరున్న వివరాల నుంచే తీయొచ్చు.

ప్రశ్న: అయితే ఫోన్‌తో కొలవడం దండగేనా?

దండగ కాదు గానీ సాక్ష్యంగా నిలవదు. ఫోన్ మైకును మనిషి గొంతు పట్టుకోవడానికి తయారుచేశారు. లోతైన గుమ్మనే శబ్దాన్ని అది తగ్గించి చూపిస్తుంది, కాస్త గాలి వీస్తే లేని మోత చూపిస్తుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఉచితంగా ఇచ్చే ఐఫోన్ యాప్ ఉన్నవాటిలో నమ్మదగినది. ఏది వాడినా ‘ఏ’ వెయిటింగ్, ‘స్లో’ స్పందన ఎంచుకోండి. గోడలకు కనీసం మూడు మీటర్ల దూరంలో నిలబడండి. గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం 3 డెసిబెల్స్ దాకా కలుస్తుంది కాబట్టి బాల్కనీ అన్నిటికన్నా చెడ్డ చోటు.

ఆ ‘ఏ’ వెయిటింగ్ గురించి ఒక మాట. మనిషి చెవికి లోతైన శబ్దాలు తక్కువగా వినిపిస్తాయని అది 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్, 125 హెర్ట్జ్ దగ్గర 16 డెసిబెల్స్ కోసేస్తుంది. టేకాఫ్ మొదలయ్యేటప్పుడు రన్‌వే వెనక వైపు ఇళ్లలో కిటికీలు గడగడలాడేది ఈ లోతైన శబ్దానికే. నియమాలు దాదాపు ఎక్కడా దాన్ని విడిగా లెక్కించవు. ఇది పెద్ద లోపమే.

ప్రశ్న: మా పార్కులో విమానాశ్రయం వాళ్లు స్తంభం మీద మైకు పెట్టారు. లారీ హారన్‌ను కూడా విమానమని రాసుకోదా?

రాసుకోకుండా ఉండటానికే అన్ని జాగ్రత్తలూ. ఇలాంటి కేంద్రాలకు ఐఎస్‌ఓ 20906 అనే ప్రమాణం ఉంది. మైకు క్లాస్ 1, అంటే అత్యంత కచ్చితమైన రకానిది కావాలి, నేలకు ఆరు మీటర్లు లేదా అంతకన్నా ఎత్తులో ఉండాలి. మీద గాలి తొడుగు, పిట్టలు వాలకుండా ముళ్లు ఉంటాయి. అప్పుడప్పుడూ 1000 హెర్ట్జ్ దగ్గర 94 డెసిబెల్స్ కచ్చితంగా పలికే కాలిబ్రేటర్ తగిలించి సరిచూస్తారు.

విమానాన్ని గుర్తించడం రెండు మెట్లలో జరుగుతుంది. శబ్దం ఒక హద్దు దాటి, కొన్ని సెకన్ల పాటు పైనే ఉండి, నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గితే అది ‘ఘటన’. హారన్ ఒక్కసారిగా లేచి పడిపోతుంది, కాబట్టి అక్కడే రాలిపోతుంది. ఆపైన ఆ సమయానికి రాడార్‌లోనో, విమానం స్వయంగా పంపే ఏడీఎస్-బీ సంకేతాల్లోనో ఆ చుట్టుపక్కల విమానం ఉందా అని చూసి జత చేస్తారు.

తేడా వచ్చేది హద్దు దగ్గరే. దాన్ని ఎక్కువ పెడితే కొత్త రకం నిశ్శబ్ద జెట్‌లు లెక్కలోకే రావు. తక్కువ పెడితే రోడ్డు రద్దీ విమానాల ఖాతాలో పడుతుంది. కీచురాళ్లు గోల చేసే కాలంలో రాత్రి నేపథ్య శబ్దమే పెరిగిపోయి, విమానాలు దానిలో మునిగిపోతాయి. గాలి సెకనుకు 10 మీటర్లు మించితే ఆ కొలతలు పక్కన పెట్టాలి. కాబట్టి నివేదిక చదివేటప్పుడు సగటు కన్నా ముందు అడగాల్సింది: ఈ మైకు మీదుగా పోయిన విమానాల్లో ఎన్నింటికి ఘటన జతపడింది? ఆ శాతం తక్కువగా ఉంటే మిగతా అంకెలన్నీ అనుమానమే.

ఇంకొకటి. అమెరికాలో ఏ ఇల్లు శబ్ద పరిధిలోకి వస్తుందో తేల్చేది ఈ మైకులు కాదు. ఏఈడీటీ అనే కంప్యూటర్ నమూనా గీసే గీత. అక్కడి అధికారుల వాదనలో న్యాయం లేకపోలేదు: వీధికో మైకు పెట్టలేం, వచ్చే ఏడు రాబోయే మోతను ఏ మైకూ కొలవలేదు. కానీ నమూనా విమానం బరువును, ఇంజిన్ పెట్టే శక్తిని, ఎక్కే ఎత్తును ముందే ఊహించుకుంటుంది. నిజం విమానం బరువెక్కి నెమ్మదిగా ఎత్తుకు చేరితే ఆ తేడా భరించేది కింద ఉన్న ఇళ్లు. మైకులకు అసలు విలువ ఇక్కడే, నమూనా తప్పితే పట్టుకోవడానికి.

ప్రశ్న: దిగే విమానం ఇంజిన్ తగ్గించుకునే వస్తుందంటారు. మరి ఆ ఈల లాంటి శబ్దం ఎక్కడిది?

ఇంజిన్‌ది కాదు. దిగేటప్పుడు మోతలో చాలా భాగం బయటికి దించిన చక్రాలు, రెక్కల అంచుల్లోని పలకల (ఫ్లాప్‌లు, స్లాట్‌లు) చుట్టూ గాలి చిరగడం వల్ల వస్తుంది. ఈల మాత్రం ఎయిర్‌బస్ ఏ320 కుటుంబానిది. రెక్క కింద ఇంధన ట్యాంకు ఒత్తిడి వదిలే గుండ్రటి రంధ్రాలుంటాయి. వాటి మీదుగా గాలి పోతుంటే ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు పలుకుతాయి. మందు చాలా చవక: రంధ్రాల ముందు చిన్న రేకు బిగించి గాలిని సుడి తిప్పడం. లుఫ్తాన్సా 2014లో మొదలుపెట్టింది, తర్వాత చాలా సంస్థలు అమర్చాయి. ఇంకా ఈల వినిపిస్తోందంటే ఆ విమానానికి రేకు లేదేమో అడగొచ్చు.

ప్రశ్న: విమానం ఇంత మోతే చేయాలని చట్టం ఉందా? మా ఇంటికి ఇంత మించకూడదని ఉందా?

మొదటిదానికి ప్రపంచమంతటా ఒకే పద్ధతి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) నిబంధనల్లో అనుబంధం 16 ఉంది. కొత్త రకం విమానాన్ని మూడు చోట్ల కొలుస్తారు: పరుగు మొదలైన చోటు నుంచి 6.5 కిలోమీటర్ల దగ్గర, రన్‌వే మధ్య గీతకు పక్కగా 450 మీటర్ల దూరంలో, దిగే వైపు రన్‌వే అంచుకు 2 కిలోమీటర్ల ముందు. అక్కడ విమానం 120 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈ మూడింటి మీదా కలిపి పాత మూడో అధ్యాయం హద్దుల కన్నా 2006 నుంచి నాలుగో అధ్యాయం 10 డెసిబెల్స్ తగ్గాలంది. పద్నాలుగో అధ్యాయం మరో 7 తగ్గించింది, పెద్ద విమానాల కొత్త రకాలకు 2017 చివరి నుంచి. ఇక్కడ కొలమానం ఈపీఎన్‌డీబీ. ఈలల్లాంటి చికాకు స్వరాలకు ఇది అదనంగా డెసిబెల్స్ కలుపుతుంది. దీన్ని మీ మైకు అంకెతో పోల్చకండి. పైగా ఆ 10, ఆ 7 మూడు చోట్లకూ కలిపి. ఒక్క ఇంటి మీద పడే తగ్గుదల అందులో మూడో వంతు చుట్టుపక్కలే.

రెండోదానికి దేశానికో తీరు. అమెరికాలో ఇంటికి తగదనే హద్దు డీఎన్‌ఎల్ 65. దాని లోపల ఉండి, గదిలో సగటు 45 లేదా అంతకు మించితేనే శబ్ద నిరోధక కిటికీలకు సాయం. యూరప్‌లో ఏడాదికి 50,000కు మించి రాకపోకలున్న విమానాశ్రయాల చుట్టూ ఎల్‌డెన్ 55, రాత్రి 50 నుంచి పటాలు గీయాలి. ఆపైన ఏం చేయాలో ఆయా దేశాల ఇష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసు ఇంకా కఠినం: ఎల్‌డెన్ 45, రాత్రి 40.

65 అనే గీత 1970ల నాటి సర్వేల మీద నిలబడింది. అప్పటి లెక్క ప్రకారం అంత మోతలో తీవ్రంగా విసుగెత్తేవాళ్లు సుమారు 12 శాతం. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 20 విమానాశ్రయాల దగ్గర చేయించి 2021లో బయటపెట్టిన సర్వేలో అదే స్థాయికి 60 శాతం దాటారు. గీత మాత్రం కదల్లేదు. మా దృష్టిలో నియంత్రణలో ఇప్పుడున్న అతి పెద్ద గొడవ ఇదే.

గట్టిగా పనిచేసేవి రాత్రి నిషేధాలు. సిడ్నీలో 1995 చట్టం రాత్రి 11 నుంచి 6 దాకా కొద్దిపాటి మినహాయింపులతో ఆపేస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011 నుంచి 11కీ 5కీ మధ్య షెడ్యూలు విమానాల్లేవు. లండన్ విమానాశ్రయాలది ఇంకో దారి: ప్రతి 3 డెసిబెల్స్‌కూ రెట్టింపయ్యే పాయింట్లు ఒక్కో రకానికీ ఇచ్చి, ఒక సీజన్ రాత్రులన్నిటికీ కలిపి ఇన్ని పాయింట్లే అని కోటా పెట్టారు. నిశ్శబ్ద విమానం తెచ్చిన సంస్థకు ఎక్కువసార్లు దిగే వీలు దొరుకుతుంది. అయితే ఐకావో 2001లో ఆమోదించిన పద్ధతిలో నిషేధం చివరి అస్త్రం. ముందు మోత పుట్టే చోట తగ్గించడం, ఇళ్లకు అనుమతులు ఎక్కడివ్వాలో చూడటం, నడిపే తీరు మార్చడం పరిశీలించాకే దాని వంతు.

ప్రశ్న: పదేళ్లుగా మా మీదుగా అప్పుడొకటి అప్పుడొకటి పోయేవి. ఇప్పుడు రెండు నిమిషాలకొకటి, అదీ సరిగ్గా ఒకే గీత మీద. ఎందుకని?

ఉపగ్రహ మార్గదర్శనం వచ్చి ఉంటుంది. ఇదివరకు కంట్రోలర్లు నోటితో దారి చెప్పేటప్పుడు విమానాలు కిలోమీటర్ల వెడల్పున చెదిరిపోయేవి. ఇప్పుడు అన్నీ ఒకే సన్నని దారిన వస్తాయి. మొత్తం మీద మోత కింద పడే జనాభా తగ్గిందని లెక్క చెబుతుంది. గీత కింద మిగిలినవాళ్లకు మాత్రం మొత్తం వాటా వాళ్లదే. ఫీనిక్స్ నగరంలో 2014లో ఇలాగే మార్చారు. నగరం కోర్టుకెక్కితే, ఎఫ్‌ఏఏ ప్రజలను సరిగా సంప్రదించలేదని అప్పీలు కోర్టు 2017లో తప్పుపట్టింది. అక్కడ వాదన నిలబడింది మోత ఎంతన్న దాని మీద కాదు, మార్పు చేసిన విధానం మీద. మీ దగ్గర కూడా మార్గం ఏ తేదీన మారింది, పర్యావరణ పరిశీలన చేశారా అన్న కాగితాలు ముందు తీయండి.

‘దిగే కోణం పెంచితే సరిపోదా’ అని కూడా చాలామంది అడిగారు. మామూలు కోణం 3 డిగ్రీలు, 10 కిలోమీటర్ల దూరంలో ఎత్తు సుమారు 520 మీటర్లు. దాన్ని 3.2 చేస్తే ఎత్తు వల్ల తగ్గేది అర డెసిబెల్ చిల్లర.

ప్రశ్న: డబుల్ గ్లేజింగ్ పెట్టించినా తేడా తెలియలేదు.

సందులు చూడండి. గోడ, కిటికీ కలిపిన వైశాల్యంలో ఒక్క శాతం తెరిచి ఉన్నా, మిగతాదంతా ఉక్కుతో కట్టినా సరే, 20 డెసిబెల్స్ కన్నా ఎక్కువ ఆగదు. ఫ్రేముకూ గోడకూ మధ్య ఖాళీ, వెంటిలేటర్, ఏసీ పైపు రంధ్రం, తలుపు కింది సందు, వరసగా ఇవే దొంగదారులు. రెండో తప్పు, వేడి ఆపడానికి చేసిన గాజు కొనడం. అందులో రెండు అద్దాల మధ్య ఖాళీ చాలా తక్కువ. మోతకు 100 మిల్లీమీటర్లు ఆపైన ఖాళీతో లోపల రెండో కిటికీ పెట్టడం మేలు, రెండు అద్దాలూ వేర్వేరు మందంలో ఉండాలి. పై అంతస్తయితే శబ్దం కప్పులోంచి కూడా దిగొచ్చు, అప్పుడు కిటికీ మీద పెట్టిన ఖర్చు కొంత వృథా. అన్నీ మూశాక గాలికి వేరే ఏర్పాటు లేకపోతే కిటికీ మళ్లీ తెరుస్తారు. తెరిచిన కిటికీ ఆపేది 10 నుంచి 15 డెసిబెల్సే.

ప్రశ్న: ఫిర్యాదు ఎలా రాస్తే పట్టించుకుంటారు?

‘రోజంతా భరించలేకపోతున్నాం’ అని రాస్తే ఫైలులోకి పోతుంది. తేదీ, నిమిషంతో సహా సమయం, విమానం వచ్చిన దిక్కు, ఎక్కుతోందా దిగుతోందా, ఇవి రాస్తే వాళ్లు రాడార్ తెరిచి ఆ విమానాన్ని పట్టుకోగలరు. విమానాలను చూపించే ఉచిత వెబ్‌సైట్లలో విమాన సంఖ్య, ఎత్తు దొరుకుతాయి, జత చేయండి. ఎత్తు సముద్ర మట్టం నుంచి ఇస్తారు, మీ ఊరి ఎత్తు తీసేయడం మరవకండి. నిర్దేశించిన దారి తప్పిందా, నిషేధ వేళలో దిగిందా, నేల మీద ఇంజిన్ పరీక్ష రాత్రి చేశారా అని ఒక్కో ఉత్తరంలో ఒక్క ప్రశ్నే అడగండి. గాలి దిశ మారి రన్‌వే రెండో కొస వాడిన రోజులను విడిగా గుర్తుపెట్టండి. లేకపోతే ‘ఆ రోజు గాలి అటు వీచింది’ అన్న ఒక్క వాక్యంతో మీ పట్టిక మొత్తం కొట్టేస్తారు.